పొద్దుమీకినంక ఆడపిల్లలు ఎక్కడున్నారు?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దటి నుంచి మీరంతా కేసులు, పిటిషన్లు, పోలీస్ స్టేషన్ల గురించి మాట్లాడుకొని అలసిపోయారు. భోజనాల తర్వాత ముసలామె చేత నాలుగు తీపి జ్ఞాపకాలు చెప్పిద్దామని అనుకున్నట్టున్నారు. 1960లలో మా పడుచు వయసు, అప్పటి రాత్రులు, ఆటపాటలు, మేళాల గురించి చెప్పమన్నారు. తప్పకుండా చెప్తాను, తీపివీ చాలా ఉన్నాయి. కాకపోతే ఈ మధ్య మా వయసు మగవాళ్లు పాత కరీంనగర్, పాత జగిత్యాల, పాత మంచిర్యాల గురించి రాస్తుంటే చదువుతున్నాను. రెండో ఆట సినిమాలు, పెండ్లి ఊరేగింపుల్లో బ్యాండుమేళం వెంట తెల్లవార్లూ తిరగడం, ఒగ్గుకథలు, బస్టాండు దగ్గర హోటల్లో చాయ్. ముచ్చటగానే ఉంటాయి. చదవడం అయినంక మళ్లీ మొదటికెళ్లి వెతుకుతాను. ఆ రాత్రుల్లో పదిహేనేళ్ల ఆడపిల్ల ఎక్కడైనా కనబడుతుందా అని. కనబడదు. మరి మేం ఎక్కడున్నాం? మేమూ అదే ఊళ్లో, అదే వయసులో ఉన్నాం కదా. ఈ మాటే చెప్దామని వచ్చాను.

నేను 1951లో మెట్‌పల్లి దగ్గరి ఒక ఊళ్లో సాలోళ్ల ఇంట్లో పుట్టాను. అప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ రెండే జిల్లాలు. 2016లో విడగొట్టినంక జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి, నిర్మల్ అని వేరువేరుగా చెప్తున్నారు గాని నా నోటికి పాత పేర్లే వస్తాయి, ఏమనుకోకండి.

మా ఊరికి అప్పటికి కరెంటు రాలేదు. ఇంట్లో ఒక కందిలి, వంట దగ్గర గ్యాసునూనె బుడ్డి. గ్రామ పంచాయతీకి సర్కారు ఇచ్చిన బ్యాటరీ రేడియో ఉండేది. పొద్దుమీకితే దాన్ని గద్దె మీద పెట్టేవారు. చుట్టూ మగవాళ్లు, పోరగాళ్లు కూర్చునేవారు. బుధవారం రాత్రి ఎనిమిదింటికి రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా వచ్చేది. అమీన్ సయానీ గొంతు మేమూ విన్నాం, గోడ ఇవతలి నుంచి. పంచాయతీ ఆవరణకు ఆనుకొని మా చిన్నమ్మ వాళ్ల పెరడు ఉండేది. బుధవారం నాడు మా ఈడు పిల్లలందరికీ చిన్నమ్మతో ఏదో ఒక పని పడేది. హిందీ ఒక్క ముక్క సరిగా రాకున్నా పాటలన్నీ నోటికి వచ్చేవి. రేడియో ఊరందరిదీ. గద్దె మాత్రం మగవాళ్లది.

ఇక ఒగ్గుకథ. కురుమల ఇండ్లలో పట్నం వేసినప్పుడు, మల్లన్న బోనాలప్పుడు ఒగ్గువాళ్లను పిలిచేవారు. ఒగ్గు, డోలు, తాళాలు ఉంటే చాలు. కథ పొద్దుపోయినంక మొదలైతే కోడికూసే దాకా నడిచేది. కొన్ని కథలు రెండు మూడు రాత్రులు సాగేవి. తర్వాతి కాలంలో వేములవాడ దగ్గరి హనుమాజీపేట మిద్దె రాములు వంటి కళాకారులకు రాష్ట్రం బయట కూడా పేరొచ్చింది. మేం చూసిన రోజుల్లో అది వాడకట్టు ఆట. ఆడవాళ్లు దానికి రావచ్చు, ఎందుకంటే అది దేవుడి పని. చాప ఒక పక్కకు వేసుకొని, చంటిపిల్లల్ని పండబెట్టుకొని కూర్చునేవారు. ఆ మూలను నేను మరిచిపోలేను. ఎల్లమ్మ కథలో తండ్రి మాట మీద కొడుకు తల్లి తల నరికే ఘట్టం వచ్చేసరికి మా వాడకట్టు ఆడవాళ్లు వెక్కివెక్కి ఏడ్చేవారు. ఎల్లమ్మ వేషం కట్టింది మగవాడని అందరికీ తెలుసు. అయినా ఏడ్చేవారు. ఇంట్లో దెబ్బలు తిన్నా నోరెత్తని మనుషులు, పదిమందిలో కూర్చొని గొంతెత్తి ఏడవడానికి దొరికిన సందు అదొక్కటే. పెద్దయ్యాక కౌన్సెలింగ్ కేంద్రాల్లో పని చేస్తున్నప్పుడు నాకా చాప చాలాసార్లు గుర్తొచ్చింది.

చిందు భాగవతం దీనికి పూర్తిగా వేరు. చిందువాళ్లలో ఆడవాళ్లే ఆడేవారు. ఆడవేషమే కాదు, మగవేషం కూడా కట్టేవారు. కిరీటం పెట్టుకొని, భుజకీర్తులు కట్టుకొని ఒక ఆడమనిషి రాజుగా నిలబడి గద్దిస్తుంటే మాకు ఒళ్లు గగుర్పొడిచేది. పక్క నిజామాబాద్ జిల్లాలో చిందుల ఎల్లమ్మ పేరు మీరంతా వినే ఉంటారు. 2005లో చనిపోయే దాకా ఆమె చిందు కళకే బతుకంతా ఇచ్చింది. చిందువాళ్లది మాదిగ వాడలతో తరతరాల మిరాశి సంబంధం. ఆట మాదిగవాడలో జరిగితే పై కులాల మగవాళ్లు దూరంగా నిలబడి చూసేవారు. మాలాంటి పిల్లల్ని అటు పోనిచ్చేవారు కాదు.

రాత్రంతా రాజుగా ఆడిన మనిషి తెల్లారితే గింజల కోసం ఇంటింటికీ రావాలి. రాత్రి ఆమె వేషాన్ని మెచ్చుకున్న దొరలే పగలు ఆమె మీద తమకు హక్కున్నట్టు మాట్లాడేవారు. మా ప్రాంతంలో జోగిని ఆచారం గురించి మీకు కొత్తగా చెప్పక్కరలేదు. దళిత కుటుంబాల్లోని ఆడపిల్లల్ని దేవత పేరుమీద ఊరికి వదిలేసే ఆ దురాచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1988లో. నిజామాబాద్ వైపు హేమలతా లవణం వంటివాళ్లు ఏండ్ల తరబడి ఊరూరా తిరిగి చేసిన పని ఉంది దాని వెనుక. కాబట్టి పాత కళల గురించి మురిసిపోయేటప్పుడు ఆ కళాకారిణి తెల్లారి ఎక్కడికి పోయిందన్నది కూడా అడగాలి.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. మా వాడకట్టులో నా కన్నా ఏడాది పెద్దది ఒక అక్క ఉండేది. పేరు చెప్పను. చెంగుచెంగున ఎగిరే మనిషి. చూసిన వేషాన్ని చూసినట్టు ఆడి చూపేది. 1964లో చిందువాళ్లు ఊళ్లో దిగితే, పెద్దవాళ్లు నిద్రపోయినంక, మేనత్త కొడుకును తోడు తీసుకొని ఆట చూడ్డానికి పోయింది. ఆ పిల్లగానికి పదేండ్లు ఉంటాయేమో. తెల్లవారుజామున తిరిగొస్తుంటే ఎవరో చూశారు. ఆమె చేసిన నేరం అంతే. పొద్దెక్కేసరికి ఊరంతా మాట పాకింది. నెల తిరగకముందే ఆమెకు పెండ్లి చేశారు, భార్య చనిపోయిన ఒకాయనకు ఇచ్చి. అప్పటికి ఆమెకు పద్నాలుగేండ్లు. ఆ రోజుల్లో చట్టం ప్రకారం ఆడపిల్ల పెండ్లి వయసు పదిహేను, అది 1949లో పెంచింది. పద్దెనిమిది అయింది 1978లోనే. పదిహేను కూడా నిండని పిల్ల అని ఎవరు అడగాలి? పటేలు పెండ్లి పెద్దగా కూర్చున్నాడు. ఆమెతో పాటు పోయిన పిల్లగానికి మాత్రం ఎవరూ ఏమనలేదు. వాడు పెద్దవాడై ఇప్పటికీ ఆ ఆట గురించి కథలు కథలుగా చెప్తాడు, నిజంగానే బాగా చెప్తాడు. ఆమె చెప్పడానికి లేదు. మూడో కాన్పులో పోయింది.

రాత్రిని అనుభవించినందుకు మూల్యం ఎవరు కట్టారన్నది ఇట్లా ఒక్కో ఊళ్లో లెక్క తీయాలి.

మరి మాకు అసలు రాత్రే లేదా అంటే, ఉండేది. ఏడాదికి పద్దెనిమిది రాత్రులు. భాద్రపదంలో బొడ్డెమ్మ తొమ్మిది రోజులు, అది పెండ్లికాని పిల్లలది. పుట్టమన్నుతో గద్దెలు గద్దెలుగా బొడ్డెమ్మను చేసి, పూలు పెట్టి, చుట్టూ తిరిగి ఆడేవాళ్లం. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో బతుకమ్మ మొదలై సద్దుల దాకా ఇంకో తొమ్మిది రోజులు. తంగేడు, గునుగు, కట్ల, బంతి. ఆ రోజుల్లో చీకటి పడ్డా ఎవరూ ఇంట్లోకి పిలిచేవారు కాదు. పాట ఎత్తుకునేది మేమే, ముగించేది మేమే. మేళం అక్కరలేదు, మా చప్పట్లే మేళం. అత్తగారింటి బాధ, తోడికోడలి మాట, అన్న పంపని చీర, అన్నీ పాటలోకి వచ్చేవి. ఎదురుగా అత్త నిలబడి ఉన్నా అత్త మీద పాట కట్టే ధైర్యం ఆ వలయంలో ఉండేది. పేరు చెప్పనక్కరలేదు, అందరికీ తెలుసు ఎవరి గురించో. పాట అయ్యాక అత్త కూడా నవ్వాలి, వేరే దారి లేదు ఆమెకు.

కానీ ఆ వలయం అందరిదీ కాదు. మాదిగవాడ ఆడవాళ్ల బతుకమ్మ వేరే చోట ఆడేది. మా పాట వాళ్లకు వినబడేది, వాళ్ల పాట మాకు వినబడేది. మధ్యలో ఒక వాగు ఒర్రె. తెలంగాణ వచ్చినంక 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. సంతోషమే. ఇప్పుడు మైదానంలో పెద్ద పెద్ద డీజే బాక్సులు పెడుతున్నారు. చప్పుడు ఎంత పెద్దదంటే పాట ఎత్తుకునే ముసలావిడ గొంతు పక్కదానికి వినబడదు. ఎవరి బాధ వాళ్లు పాటలో పెట్టే వీలు పోయింది. వాగు ఒర్రె మాత్రం చాలా ఊళ్లలో అక్కడే ఉంది.

బ్యాండుమేళం గురించి అడిగారు కదా. పట్నపు పెండ్లిళ్లలో డోలు సన్నాయి పోయి ఎర్ర కోట్ల బ్యాండు వస్తున్న కాలం అది. క్లారినెట్ మీద సినిమా పాట వాయిస్తే కరీంనగర్ గల్లీల్లో పోరగాళ్లు ఊరేగింపు ముందర దుంకేవారు. మేం కిటికీల వెనుక ఉండేవాళ్లం. అయితే ఆ ఊరేగింపులో ఆడవాళ్లు అసలు లేరా? ఉన్నారు. తలల మీద పెట్రోమాక్స్ లైట్లు మోసింది ఎక్కువగా కూలి ఆడవాళ్లే. మగవాళ్లు మెల్లమెల్లగా దుంకుకుంటూ నడుస్తుంటే, మెడలు వంగిపోయేలా ఆ వేడి దీపాలు మోస్తూ రాత్రి రెండింటి దాకా వాళ్లు నిలబడాలి. అందరి మొహాలూ ఆ వెలుగులో కనిపించేవి, మోసే మనిషి మొహం ఒక్కటి నీడలో ఉండేది. అదే ఊళ్లలో దొర ఇంట్లో పెండ్లికి డప్పు కొట్టడం వెట్టి. కొట్టనంటే దెబ్బలు. ఆ మేళాన్ని ఏ లెక్కలో వేస్తాం?

సినిమా సంగతి చెప్తే నవ్వొస్తుంది. టూరింగ్ టాకీసులో ఆడవాళ్లకు తడకకు అటువైపు నేల టికెట్. 1963లో లవకుశ వచ్చింది, ఇంటిల్లిపాదీ బండ్లు కట్టుకొని పోయాం, పురాణం కాబట్టి. 1964లో మూగమనసులు వచ్చింది, పురాణం కాదు కాబట్టి పంపలేదు. అయినా నేను ఆ సినిమా చూసినట్టే. ఎలాగంటే అది బీడీల దగ్గర చూశాను.

మా వైపు ఆడవాళ్ల అసలైన రాత్రి బీడీల రాత్రి. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల, అటు నిర్మల్ దాకా ఇంటింటా చాటలో తునికాకు. ఎనిమిదేండ్లకు ఆకు కత్తిరించడం, పదేండ్లకు చుట్టడం, పన్నెండేండ్లకు అవ్వతో సమానంగా లెక్క అప్పజెప్పడం. పగలు ఇంటి పని, పొలం పని. వెయ్యి బీడీల లెక్క తీరేది రాత్రే. గ్యాసునూనె దండుగని నాలుగైదిండ్ల ఆడపిల్లలం ఒకే కందిలి చుట్టూ చేరేవాళ్లం. మాకున్న క్లబ్బు అదే. పట్నంలో చుట్టాలింటికి పోయి సినిమా చూసొచ్చినది ఎవరైనా ఉంటే ఆ రాత్రి ఆమెదే. ఏఎన్నార్ ఎట్ల నడిచాడు, సావిత్రి ఎట్ల చూసింది, పాటలతో సహా, గోదారిలో పడవతో సహా చెప్పేది. ఒక్క సినిమా మూడు రాత్రులు నడిచేది. పాట దగ్గర చేతులు వేగంగా ఆడేవి, ఏడ్పు దగ్గర మెల్లగయ్యేవి. అవ్వ పక్కగదిలో నుంచి, చేతులు ఆగినయేందే అని అరిచేది. అవ్వా వినేదేనన్నమాట.

ఇది తీపి జ్ఞాపకమే, కాదనను. దాని పక్కనే దగ్గు ఉంది, తంబాకు దుమ్ము ఉంది, పదిహేనేండ్లకే వంగిన నడుములు ఉన్నాయి. పొద్దున కార్ఖానాలో బాగా లేవని పక్కకు పారేసిన కట్టలకు కూలి లేదు. ఆ పారేసిన బీడీలు ఎటు పోయేవో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. 1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసింది. అందులో ఆడవాళ్లతో, పద్దెనిమిదేండ్లు నిండని వాళ్లతో సాయంత్రం ఏడు దాటాక, పొద్దున ఆరుకు ముందు పని చేయించరాదని 25వ సెక్షన్ ఉండేది. ఎంత మంచి మాట! కానీ అది పారిశ్రామిక ఆవరణకే వర్తించేది, సొంత ఇల్లు ఆ నిర్వచనంలోకి వచ్చేది కాదు. మా పని అంతా ఇంట్లోనే. సేటుకు ఇంత కన్నా ఏం కావాలి? ఆడపిల్ల రాత్రి బయటికి పోతే పరువు పోతుంది, రాత్రంతా ఇంట్లో కూర్చొని బీడీలు చేస్తే చట్టానికి కూడా కనబడదు. చిందు చూసొచ్చిన అక్కను చీకట్లో చూసిన కండ్లకు ఆ కందిలి వెలుతురు ఎప్పుడూ కనిపించలేదు.

ఆదిలాబాద్ వైపు రాత్రి ఇంకొక తీరు. మా మేనమామ జైనూరు వైపు బడిపంతులు. 1967లో దీపావళికి అక్కడికి పోయాను, నాకు పదహారేండ్లు. గోండుల దండారి ఊరిమీదికి వచ్చింది. డోళ్లు, గుమేలలు, పెప్రెలు. నెమలి ఈకల టోపీలు, ఒంటినిండా బూడిద, నడుముకు గంటలు కట్టుకొని గుస్సాడీలు. చీరలు కట్టి ఆడవేషంలో కుర్రవాళ్లు, వాళ్లను పోరిక్ అంటారు. ఒక ఊరి దండారి ఇంకో ఊరికి అతిథిగా పోవడం, రాత్రంతా ఆడడం, తిండి పెట్టి సాగనంపడం, సంబంధాలు మాట్లాడుకోవడం. నన్ను నిలబెట్టేసింది ఆట కాదు. నా వయసు గోండు పిల్లలు నడిరాత్రి దాకా బయట ఉన్నారు, వచ్చిన కుర్రవాళ్లను చూసి పగలబడి నవ్వుతున్నారు, వాళ్ల వంతు వచ్చినప్పుడు చేతులు కలిపి డెంసా ఆడుతున్నారు. ఇంట్లోకి పో అని వాళ్ల పెద్దవాళ్లెవరూ అనలేదు. మామ మాత్రం నాతో అన్నాడు.

పట్నపువాళ్లు దీన్ని చూసి బస్తర్ మురియాల ఘోటుల్‌తో కలిపేస్తుంటారు. ఆదిలాబాద్ గోండుల్లో ఘోటుల్ లేదు. అలాగే గిరిజన స్త్రీకి అన్ని స్వేచ్ఛలూ ఉన్నాయని చెప్పే రొమాంటిక్ మాటలు కూడా నేను నమ్మను. దండారి కట్టి ఊళ్లు తిరిగేది మగవాళ్లే, రాత్రి పొయ్యి దగ్గర ఉండేది ఆడవాళ్లే. 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని 2వ సెక్షన్‌లోనే ఉంది, కాబట్టి తండ్రి భూమిలో వాటా అడగడానికి గోండు ఆడపిల్లకు ఆ చట్టం ఆసరా లేదు. భూమే చేతులు మారిపోతున్న కాలం అది. ఒకటి బై డెబ్బై వచ్చింది ఆ తర్వాత, 1970లో. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ పూనికతో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది. ఆయన భార్య బెట్టీ సమాధి కూడా ఆ ఊళ్లోనే ఉంది. అదే మార్లవాయి గుస్సాడీ కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయారు. ఆ ఊళ్ల ఆడవాళ్ల పాటలు ఎవరు రాసుకున్నారో, ఎన్ని రాసుకున్నారో ఆ పక్క పని చేసే చెల్లెళ్లు కనుక్కోవాలి.

ఈ రాత్రులు ఎట్లా పోయాయన్నది త్వరగా చెప్పి ముగిస్తాను. కరెంటు వచ్చి, టీవీ వచ్చి పోయాయంటారు. కొంత నిజం. కానీ మా వైపు ఇంకొకటి జరిగింది. 1970లలో రాత్రిపూట కూలీల సంఘాల మీటింగులు మొదలయ్యాయి, వెట్టి చేయమన్నారు, డప్పు కొట్టమన్నారు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలమంది ఊరేగింపు తీశారు. ఆ ఏడే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల సభ మీద కాల్పులు జరిగాయి. ఆ తర్వాత ఏండ్ల తరబడి రాత్రి నలుగురు ఒక చోట కూర్చుంటే అనుమానమే. కథ పెట్టించాలన్నా భయమే. ఆ కాలంలో రాత్రి తలుపు తట్టిన చప్పుడుకు ముందు లేచి తీసింది ఎవరు? ఆడవాళ్లే. మగవాళ్లు ఎక్కడున్నారని అడిగితే జవాబు చెప్పిందీ, చెప్పనందుకు దెబ్బలు తిన్నదీ వాళ్లే.

ఇప్పటి సంగతికి వస్తే, 2019లో హైదరాబాద్ శివారులో ఆ డాక్టరమ్మాయి మీద జరిగిన ఘోరం తర్వాత, ఆర్టీసీలో ఆడవాళ్లకు రాత్రి డ్యూటీ వేయవద్దని ముఖ్యమంత్రి చెప్పారు. 2024లో కలకత్తాలో డాక్టర్ హత్య తర్వాత అక్కడి ప్రభుత్వం కూడా ఆడ డాక్టర్లకు వీలైనంత వరకు రాత్రి డ్యూటీలు తప్పించమంది. రాత్రి పని చేయవద్దని ఆడవాళ్లకు చెప్పలేరని, భద్రత ఇవ్వడం మీ బాధ్యతని సుప్రీంకోర్టు గట్టిగానే అడిగింది. అంతకు ముందు ఆగస్టు 14 రాత్రి బెంగాల్ ఆడవాళ్లు రాత్రి మాదని వేలాదిగా వీధుల్లోకి వచ్చారు. ఇంకోవైపు 2020లో పార్లమెంటు చేసిన పనిభద్రత కోడ్‌లో 43వ సెక్షన్ ఉంది. ఆడవాళ్లు తమ సమ్మతితో రాత్రి ఏడు తర్వాత కూడా పని చేయవచ్చని అది చెప్తుంది. సమ్మతి అన్న మాటను మీరు జాగ్రత్తగా చూడాలి. కందిలి దగ్గర కూర్చున్న మమ్మల్ని కూడా ఎవరూ బలవంతం చేయలేదు, పేరుకు. రాత్రి షిఫ్టుకు సంతకం పెట్టమంటే పెట్టకుండా ఉండగలిగే స్థితి ఎవరికుంది? బస్సు ఉందా, వీధి దీపం ఉందా, మూత్రశాల ఉందా, అది అడగాలి మనం. ఆ షిఫ్టు కూలి కోసం కాకుండా ఊరికే, ఒక కథ వినడానికి, ఒక సినిమా చూడ్డానికి రాత్రి బయటికి పోయే హక్కు సంగతి ఏ కోడ్‌లోనూ లేదు. మన డిమాండ్లలోనూ పెద్దగా లేదు, ఉందా?

నాదొక విన్నపం. ఈసారి బొడ్డెమ్మ రోజుల్లో మీ మీ ఊళ్లలో డెబ్బై దాటిన అవ్వల దగ్గర కూర్చోండి. మీ కాలంలో అన్యాయాలు చెప్పండని అడగకండి, అట్లా అడిగితే మనకు కావలసిందే చెప్తారు. పదిహేనేండ్లప్పుడు రాత్రి ఎక్కడ కూర్చునేదానివి, ఎవరెవరు ఉండేవారు, ఏ పాట పాడేవారు, ఎన్ని గంటలకు ఎవరు లోపలికి పిలిచేవారు, పిలిచినా పోకపోతే ఏమయ్యేది, ఇవి అడగండి. మాదిగవాడలో, గూడేల్లో, బీడీ కార్ఖానాల వెనుక గల్లీల్లో, సింగరేణి క్వార్టర్లలో వేరువేరుగా అడగండి. టేపు తీసుకుపోండి, ఇప్పుడైతే ఫోన్లే ఉన్నాయి కదా. వాళ్లు పాట ఎత్తుకుంటే మధ్యలో ఆపి ప్రశ్నలు వేయకండి. రికార్డు చేసినవి కరీంనగర్ ఆఫీసుకు దసరా లోపల పంపితే, రాసి పెట్టడానికి నేనూ ఇంకో ఇద్దరం కూర్చుంటాం. నా కండ్లు అంత బాగా లేవు గాని చెవులు బాగానే ఉన్నాయి.